పాతికేళ్ల లయ, తేలని లెక్క: భూగర్భ స్ఫటికాల్లో డార్క్ మ్యాటర్ వేట

ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతం కింద, 1400 మీటర్ల రాతి మాటున, 25 సోడియం అయోడైడ్ స్ఫటికాలను ఐదేసి చొప్పున ఐదు వరసల్లో పేర్చారు. ఒక్కో స్ఫటికం దాదాపు పది కిలోలు. వాటిలో పుట్టే అతి సన్నటి మెరుపులను ఏళ్ల తరబడి లెక్కపెట్టడమే డామా/లిబ్రా అనే ప్రయోగం పని. ఆ లెక్క ప్రతి ఏడూ జూన్ మొదట్లో కాస్త పెరిగింది, డిసెంబరు మొదట్లో కాస్త తగ్గింది. 1990లలో సుమారు వంద కిలోల స్ఫటికాలతో నడిచిన తొలి ప్రయోగాన్ని కూడా కలుపుకుంటే 22 వార్షిక చక్రాల పాటు ఇదే తీరు. ఇది కాకతాళీయం కాదని చెప్పే గణాంక కొలత 13.7 సిగ్మా. కొత్త కణాన్ని కనుగొన్నామని ప్రకటించడానికి భౌతిక శాస్త్రంలో 5 సిగ్మా చాలు.

ఈ లయ డార్క్ మ్యాటర్ అనే కనిపించని పదార్థం వల్లేనని డామా వాదన. అయినా అది దొరికిందని ఏ పాఠ్యపుస్తకమూ రాయలేదు. ఎందుకు రాయలేదో చూస్తే, ఈ వేటలో అసలు కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. సిగ్నల్ కనిపించకపోవడం ఇక్కడ పెద్ద సమస్య కాదు. కనిపించినదాన్ని వేరేవాళ్లు, వేరే చోట, అదే పదార్థంతో సరిచూడగలగాలి. ఆ పని జరగడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

డార్క్ మ్యాటర్ ఉందని నమ్మడానికి ఆధారాలన్నీ ఆకాశం నుంచే వచ్చాయి. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గుంపులోని గెలాక్సీల వేగాలు చూసి, కంటికి కనిపించే పదార్థం ఒక్కటే వాటిని కట్టిపడేయలేదని తేల్చాడు. 1970లలో వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ గెలాక్సీల అంచుల్లోని నక్షత్రాలు ఊహించినదానికన్నా వేగంగా తిరుగుతున్నాయని కొలిచి చూపారు. విశ్వంలోని పదార్థంలో దాదాపు 85 శాతం వెలుగునివ్వదు, వెలుగును అడ్డుకోదు. అది కణాలతో తయారైందా, అయితే ఎలాంటి కణాలతో అన్నది తేలాలంటే మాత్రం భూమ్మీదే పట్టుకోవాలి.

అందుకు వీలుందనడానికి ఒక లెక్క ఉంది. సూర్యుడి పరిసరాల్లో ఘన సెంటీమీటరుకు ప్రోటాన్ బరువులో మూడో వంతు డార్క్ మ్యాటర్ ఉంటుందని అంచనా. ఒక్కో కణం ప్రోటాన్‌కు వంద రెట్లు బరువు ఉంటుందనుకుంటే, లీటరు చోటులో సుమారు మూడు కణాలు ఉంటాయి. అవి సెకనుకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతుంటాయి కాబట్టి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు అరవై డెబ్బై వేల కణాలు దూసుకుపోతూ ఉండాలి. దాదాపు అన్నీ దేన్నీ తాకకుండా వెళ్లిపోతాయి. ఎప్పుడో ఒకటి ఏదో పరమాణువు కేంద్రకాన్ని ఢీకొంటే ఆ కేంద్రకం కాస్త కదులుతుంది. ఈ కదలికను నేరుగా పట్టుకోవచ్చని 1985లో మార్క్ గుడ్‌మన్, ఎడ్వర్డ్ విటెన్ ప్రతిపాదించారు. ఈ తరహా కణాలకు వింప్‌లు అని పేరు.

జూన్, డిసెంబరు సంగతి ఆ మరుసటి ఏడాదే వచ్చింది. సూర్యుడు మన గెలాక్సీ కేంద్రం చుట్టూ తిరుగుతూ హంస నక్షత్రరాశి దిక్కుగా సాగిపోతున్నాడు. డార్క్ మ్యాటర్ మధ్య నుంచి ఇలా వెళ్తున్న సౌరకుటుంబానికి అది ఎదురుగాలిలా తగులుతుంది. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది కదా, జూన్ 2 ప్రాంతంలో ఆ వేగంలో సుమారు సగం సూర్యుడి గమనానికి తోడవుతుంది. ఆర్నెల్ల తర్వాత అంతే తీసివేత. కాబట్టి ఢీకొనే ఘటనల సంఖ్య ఏడాదికోసారి కొన్ని శాతం పెరిగి తగ్గాలని ఆండ్రెజ్ డ్రూకియర్, కేథరిన్ ఫ్రీజ్, డేవిడ్ స్పెర్గెల్ 1986లో లెక్కగట్టారు. డామా చూపించిన లయకు ఇంత విలువ రావడానికి కారణం ఇదే. తేదీ, కాలవ్యవధి రెండూ ముందుగా కాగితం మీద రాసినవే.

రోజుకు వెయ్యి మెరుపుల్లో పది

స్ఫటికంలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. సోడియం అయోడైడ్‌లో కొద్దిగా థాలియం కలిపి స్ఫటికాన్ని పెంచుతారు. లోపల ఎక్కడైనా కొంత శక్తి విడుదలైతే స్ఫటికం సన్నగా మెరుస్తుంది. రెండు చివర్లా అమర్చిన ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు ఆ కాంతిని విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. రెండు ట్యూబులూ ఒకేసారి స్పందిస్తేనే దాన్ని ఘటన కింద లెక్కేస్తారు, ఎందుకంటే ట్యూబు తనంతట తానే అప్పుడప్పుడు తప్పుడు సంకేతం ఇస్తుంది. డామా వాళ్లు లయను చూసింది 2 నుంచి 6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య. ఇకపై ఈ శక్తి ప్రమాణాన్ని కేఈవీ అనుకుందాం. ఆ శక్తి దగ్గర ట్యూబులకు అందేవి కొన్ని పదుల ఫోటాన్లు మాత్రమే కాబట్టి నిజమైన మెరుపునూ ట్యూబు రొదనూ వేరు చేయడమే ఒక పెద్ద విద్య.

ఆ శక్తి పరిధిలో ఒక కిలో స్ఫటికంలో, ఒక కేఈవీకి, రోజుకు సుమారు ఒక ఘటన. దాదాపు 250 కిలోలకు, నాలుగు కేఈవీలకు కలిపితే రోజుకు ఇంచుమించు వెయ్యి. జూన్‌లో దానికి పది ఎక్కువ, డిసెంబరులో పది తక్కువ. మొత్తం వివాదం ఆ పది గురించే. మిగతా వెయ్యిలో అత్యధిక భాగం మామూలు రేడియోధార్మికత అని అందరూ ఒప్పుకుంటారు. ఇంత చిన్న తేడా నిలబడాలంటే ఆ వెయ్యి ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఏడాది పొడవునా ఎలా మారుతున్నాయో చాలా కచ్చితంగా తెలియాలి.

భూగర్భానికి వెళ్లేది అందుకే. నేల మీద చదరపు మీటరుకు నిమిషానికి పదివేల మ్యూయాన్లు పడుతుంటాయి, కాస్మిక్ కిరణాలు వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టేవి. గ్రాన్ సాసో లోపల అది గంటకు ఒకటికి పడిపోతుంది. కానీ రాయి ఒక శత్రువును ఆపి ఇంకో శత్రువును తెస్తుంది. రాతిలోని యురేనియం, థోరియం గామా కిరణాలను వదులుతాయి, రేడాన్ వాయువు గాలిలోకి ఊరుతుంది. అందుకని స్ఫటికాల చుట్టూ రాగి, సీసం, న్యూట్రాన్లను మందగింపజేసే పాలిథిన్ లేదా నీరు, రేడాన్ చొరబడకుండా నైట్రోజన్ నింపిన పెట్టె.

సీసానికి మళ్లీ దాని గొడవ దానిది. కొత్తగా కరిగించిన సీసంలో సీసం 210 అనే రేడియోధార్మిక రూపం ఉంటుంది. దాని అర్ధాయువు 22 ఏళ్లు. రెండు వేల ఏళ్ల క్రితం రోమన్లు పోతపోసిన సీసంలో అది ఎప్పుడో హరించుకుపోయింది. స్పెయిన్‌లోని అనాయిస్ ప్రయోగం స్ఫటికాలకు అతి దగ్గరి 10 సెంటీమీటర్ల పొరను ఇలాంటి పురాతన సీసంతోనే కట్టింది. సార్డీనియా తీరంలో మునిగిన రోమన్ ఓడ నుంచి తీసిన సీసపు దిమ్మెలను గ్రాన్ సాసోలోని మరో ప్రయోగానికి ఇచ్చినప్పుడు, వాటి మీది ముద్రలను కోసి వేరుచేసి భద్రపరిచారు. పురావస్తు శాస్త్రజ్ఞుల అభ్యంతరం న్యాయమైనదే. కరిగిపోయిన దిమ్మె మళ్లీ రాదు.

అన్నిటికన్నా మొండి శత్రువు స్ఫటికం లోపలే ఉంటుంది. పొటాషియం 40 ప్రకృతిలో అంతటా ఉండేదే, 70 కిలోల మనిషి ఒంట్లోనే సెకనుకు నాలుగు వేలకు పైగా ఈ పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. రసాయనికంగా సోడియానికి దగ్గరి చుట్టం కాబట్టి సోడియం అయోడైడ్ నుంచి దాన్ని తీసేయడం కష్టం. బాగా శుద్ధి చేశాక కూడా వందకోట్ల భాగాల్లో ఇరవయ్యో ముప్ఫయ్యో పొటాషియం మిగులుతుంది. అందులోని పొటాషియం 40 ఒక రకంగా విచ్ఛిన్నమైనప్పుడు 1461 కేఈవీ గామా కిరణం, దానితోపాటు 3.2 కేఈవీ చిన్న శక్తి విడుదలవుతాయి. గామా కిరణం స్ఫటికాన్ని దాటి బయటికి పోతే మిగిలేది 3.2 మాత్రమే. సరిగ్గా 2 నుంచి 6 కిటికీలో, అచ్చం వెతుకుతున్న సిగ్నల్ లాగే. దక్షిణ కొరియాలోని కొసైన్ 100 ప్రయోగం దీనికి చక్కటి ఉపాయం పన్నింది. స్ఫటికాలను 2200 లీటర్ల మెరిసే ద్రవంలో ఉంచింది. పారిపోయిన గామా కిరణం ఆ ద్రవాన్ని మెరిపిస్తుంది. రెండు మెరుపులూ ఒకే క్షణంలో వస్తే అది పొటాషియం పని, పక్కన పెట్టేయొచ్చు.

చల్లబరిస్తే వచ్చే చిక్కులు

కాంతిని కాక వేడిని కొలిచే దారి మరొకటి. క్రెస్ట్ అనే ప్రయోగం, అదీ గ్రాన్ సాసోలోనే, కాల్షియం టంగ్‌స్టేట్ స్ఫటికాలను పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందో వంతు దగ్గరికి చల్లబరుస్తుంది. అంత చలిలో ఒక్క కేంద్రకం కదిలినా స్ఫటికం వేడెక్కుతుంది, డిగ్రీలో లక్షలవ వంతుల్లోనే అయినా కొలవదగినంతగా. పైన అంటించిన సన్నటి టంగ్‌స్టన్ పొర సూపర్‌కండక్టర్‌గా ఉండడానికీ మామూలు లోహంగా మారడానికీ సరిహద్దులో నిలిచి ఉంటుంది కాబట్టి ఆ కాస్త వేడికే దాని నిరోధం గబుక్కున మారుతుంది. 24 గ్రాముల స్ఫటికంతో 30 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని కూడా గుర్తించగలిగారు. తేలికైన డార్క్ మ్యాటర్ కణాల కోసం వెతకడానికి ఇంత సున్నితమైన సాధనాలు కొన్నే ఉన్నాయి. అమెరికాలోని సూడాన్ గనిలో జెర్మేనియం, సిలికాన్ స్ఫటికాలతో నడిచిన సీడీఎంఎస్‌దీ ఇదే బాట. అది వేడితోపాటు విద్యుదావేశాన్నీ కొలిచింది. రెంటి నిష్పత్తిని బట్టి ఢీకొన్నది కేంద్రకాన్నా, ఎలక్ట్రాన్‌నా చెప్పొచ్చు. మామూలు రేడియోధార్మికతలో ఎక్కువ భాగం ఎలక్ట్రాన్లనే తాకుతుంది కాబట్టి ఒక్క దెబ్బకు చాలా చెత్త పక్కకు పోతుంది.

కానీ సాధనం సున్నితమయ్యే కొద్దీ వినకూడనివీ వినిపిస్తాయి. క్రెస్ట్ తొలి రోజుల్లో నీలమణి స్ఫటికాలు వాడినప్పుడు అంతుచిక్కని ఘటనలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. రేడియోధార్మికత అనుకుంటే అవి యాదృచ్ఛికంగా రావాలి. ఇవి గుంపులుగా వస్తున్నాయి. చివరికి తేలిందేమిటంటే, స్ఫటికాన్ని కదలకుండా పట్టి ఉంచిన చిన్న నీలమణి గోళీలు మరీ బిగుతుగా నొక్కుతుంటే తాకిన చోట కంటికి కనిపించని పగుళ్లు పడుతున్నాయి. ఒక్కో పగులు ఒక్కో ఘటన. వాటి శక్తుల పంపిణీ భూకంపాల తీవ్రతల పంపిణీని పోలి ఉండడంతో అది విడిగా ఒక పరిశోధనా పత్రమే అయింది. గోళీల బదులు ప్లాస్టిక్ ఆధారాలు పెట్టగానే సమస్య పోయింది.

పూర్తిగా పోలేదనడమే నిజం. ఈ తరహా అతిశీతల సాధనాలు చాలావాటిలో అతి తక్కువ శక్తి దగ్గర వివరణ లేని ఘటనలు ఇప్పటికీ పోగుపడుతున్నాయి. ఒక సిలికాన్ స్ఫటికాన్ని జిగురుతో అతికించి, అలాంటిదే మరోదాన్ని సన్నటి తీగలతో వేలాడదీసి పోల్చిన ప్రయోగంలో, వేలాడే స్ఫటికంలో ఈ ఘటనలు దాదాపు వంద రెట్లు తగ్గాయి. అంటే స్ఫటికం మీద పడే ఒత్తిడే చాలావరకు దోషి. డార్క్ మ్యాటర్ వేటకు సంబంధించి గత కొన్నేళ్లలో వచ్చిన పనుల్లో ఇంత విలువైనవి తక్కువ. కొత్త కణం కోసం వెతికే ముందు జిగురు గురించి తెలుసుకోవాలని అది చూపించింది.

ఆశ పుట్టించి అణగిన సందర్భాలూ ఉన్నాయి. 2009లో సీడీఎంఎస్‌కు రెండు ఘటనలు కనిపించాయి, మామూలు కారణాలతో అలా జరిగే అవకాశం 23 శాతం ఉందని ఆ జట్టే చెప్పింది. 2011లో కోజెంట్ అనే జెర్మేనియం ప్రయోగం డామా లాంటి లయనే చూశామంది, తర్వాతి విశ్లేషణల్లో స్ఫటికం ఉపరితలం దగ్గరి ఘటనలే దానికి మూలమన్న అభిప్రాయం బలపడింది. అదే ఏడాది క్రెస్ట్ 67 ఘటనలు ప్రకటించింది, వాటిలో సగం దాకా వివరణకు అందలేదు. స్ఫటికాన్ని పట్టే క్లిప్పుల దగ్గర జాగ్రత్తలు పెంచి 2014లో మళ్లీ చూస్తే ఆ మిగులు లేదు. ఈ జట్లు తమ ఫలితాన్ని తామే అనుమానించి, మళ్లీ కొలిచి, లేదని ఒప్పుకున్న తీరు మెచ్చుకోదగ్గది.

అదే ఉప్పు, వేరే కొండ

డామా మాత్రం వెనక్కి తగ్గలేదు. ద్రవ జెనాన్‌తో పనిచేసే భారీ ప్రయోగాలు, ఎల్‌జెడ్, జెనాన్ ఎన్‌టీ, పాండా ఎక్స్ లాంటివి, డామా సూచించిన తరహా వింప్‌లు ఉంటే ఎప్పుడో కనిపించాల్సినంత సున్నితత్వానికి చేరాయి. ఏమీ కనిపించలేదు. అయినా డామా పక్షాన ఒక జవాబు మిగిలే ఉంది. జెనాన్ వేరు, సోడియం, అయోడిన్ వేరు. డార్క్ మ్యాటర్ వీటితో మాత్రమే గట్టిగా చర్య జరుపుతుందేమో, లేదా కేంద్రకాలతో కాక ఎలక్ట్రాన్లతోనేమో. ఈ వాదన తప్పించుకోవడానికి చేసినది కాదు. డార్క్ మ్యాటర్ స్వభావం తెలియనప్పుడు ఏ సిద్ధాంతాన్ని నమ్మి రెండు పదార్థాలను పోల్చాలి? దీనికి ఒకటే మందు. అదే సోడియం అయోడైడ్‌తో, వేరే చోట, వేరేవాళ్లు కొలవాలి.

మందు తెలిసినా తయారీ కష్టమైంది. డామా స్ఫటికాలంత శుద్ధమైనవి మరెవరికీ దొరకలేదు. పొడి దశలోనే పొటాషియాన్ని, సీసాన్ని వడకట్టాలి. పెంచేటప్పుడు మూస నుంచి మలినాలు చేరకూడదు. సోడియం అయోడైడ్ గాలిలోని తేమను పీల్చేసుకుంటుంది కాబట్టి పొడి వాతావరణంలోనే రాగి గొట్టంలో పెట్టి సీలు వేయాలి. డామా తొలి ఫలితాలు 1990ల చివర్లో వస్తే, సాటి ప్రయోగాలు పూర్తి స్థాయిలో మొదలైంది 2016లో, 2017లో. ఈ ఇరవై ఏళ్ల ఆలస్యం ఈ రంగానికి బాగా నష్టం చేసింది. ఒక్కో ప్రతిపాదననూ డామాతో కుదిరేలా మలచడానికి ఎంత మేధాశక్తి ఖర్చయిందో చెప్పలేం. శుద్ధమైన స్ఫటికాలు పెంచే పనికి అంత ప్రాధాన్యం ముందే దక్కాల్సింది.

కొరియాలోని యాంగ్‌యాంగ్‌లో 700 మీటర్ల లోతున కొసైన్ 100 ప్రయోగం ఎనిమిది స్ఫటికాలతో, మొత్తం 106 కిలోలతో, 2016 సెప్టెంబరులో మొదలై 2023 మార్చి దాకా నడిచింది. స్పెయిన్‌లోని పైరనీస్ పర్వతాల కింద, కాన్‌ఫ్రాంక్ ప్రయోగశాలలో అనాయిస్ 112 తొమ్మిది స్ఫటికాలతో, 112.5 కిలోలతో 2017 ఆగస్టులో మొదలైంది. రెండింట్లోనూ నేపథ్య ఘటనలు, అంటే మామూలు రేడియోధార్మికత లాంటివాటి మెరుపులు, డామా కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ, స్ఫటికాలేమో సగం కన్నా తక్కువ. అందుకే ఏళ్లు పట్టింది. 2025లో రెండు జట్లూ ఆరేళ్లు, ఆ పై లెక్కలు బయటపెట్టాయి. రెండింట్లోనూ లయ లేదు. డామా చూసిన మోతాదులో లయ ఉండే అవకాశాన్ని కొసైన్ 3 సిగ్మాకు పైగా, అనాయిస్ 4 సిగ్మా స్థాయిలో తోసిపుచ్చాయి. విడివిడిగా చూస్తే ఇవి 5 సిగ్మాకు చేరనివే. కానీ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు పద్ధతుల్లో కొలిచిన రెండు జట్లు ఒకే మాట చెప్పడం మామూలు విషయం కాదు. అనాయిస్ తన మొదటి మూడేళ్ల డేటాను ఎవరైనా పరిశీలించుకునేలా బహిరంగంగా ఉంచింది కూడా. డామా కూడా ముడి డేటాను ఇలాగే బయటపెట్టి ఉంటే ఈ చర్చ ఇంత సాగేది కాదని గట్టిగా అనిపిస్తుంది.

మరి డామా చూసింది ఏమిటి? ఒక అనుమానం విశ్లేషణ పద్ధతి మీదే ఉంది. డామా వాళ్లు ఒక్కో ఏడాది సగటును ఆ ఏడాది లెక్క నుంచి తీసేసి, మిగిలినదానిలో లయ కోసం చూస్తారు. నేపథ్యం నిలకడగా ఉంటే ఇబ్బంది లేదు. అది నెమ్మదిగా తగ్గుతూనో పెరుగుతూనో ఉంటే మాత్రం, సగటు తీసేశాక ఏడాది మొదట్లో ఒక వైపు, చివర్లో మరో వైపు తేడా మిగులుతుంది. ఏటా ఇదే జరిగితే రంపపు పళ్లలా ఒక కృత్రిమ లయ పుడుతుంది. 2020లో కొందరు సిద్ధాంతకర్తలు ఈ సంగతి లేవనెత్తారు. కొసైన్ జట్టు తమ డేటాకు డామా పద్ధతినే వర్తింపజేసి చూస్తే, నిజంగానే లయ పుట్టుకొచ్చింది. అయితే దిశ తిరగబడింది, జూన్‌లో పెరగాల్సింది తగ్గింది. కొసైన్ నేపథ్యం కాలంతోపాటు తగ్గుతోంది కాబట్టి అలా వచ్చింది. డామా లయ ఇలాగే పుట్టి ఉండాలంటే అక్కడి నేపథ్యం ఏటా మెల్లగా పెరుగుతూ ఉండాలి. రేడియోధార్మిక పదార్థాలు సాధారణంగా కాలంతో తరుగుతాయి కాబట్టి అది తేలిగ్గా నమ్మదగింది కాదు, ట్యూబుల రొద లాంటిదేదో పెరుగుతుంటే తప్ప. డామా జట్టు ఈ వివరణను ఒప్పుకోలేదు. కాబట్టి ఇది సాధ్యమైన కారణమే తప్ప రుజువైన నేరం కాదు.

ఇంకో మెలిక స్ఫటికం కాంతినిచ్చే తీరులో ఉంది. ఎలక్ట్రాన్‌కు 10 కేఈవీ అందితే వచ్చే కాంతి, సోడియం కేంద్రకానికి అంతే శక్తి అందితే రాదు. చాలా తగ్గుతుంది. తమ స్ఫటికాల్లో సోడియానికి అది 30 శాతమని డామా కొలిచింది. తర్వాత ఇతరులు చేసిన కొలతల్లో అంతకన్నా బాగా తక్కువ వచ్చింది, పైగా శక్తితోపాటు మారుతోంది. ఈ తేడా స్ఫటికాన్ని బట్టి నిజంగానే మారేదైతే, డామాలో 3 కేఈవీ దగ్గర కనిపించే ఘటన కొసైన్‌లో అంతకన్నా తక్కువ శక్తి దగ్గర, కొలవలేని చోట దాగి ఉండొచ్చు. అందుకే కొసైన్ తుది విశ్లేషణలో కేంద్రకాల శక్తి కొలమానం మీద కూడా పోల్చి చూశారు. అక్కడా లయ కనిపించలేదు. ఈ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు గానీ సందు బాగా సన్నబడింది.

దాన్ని మూయగలిగేది కొసైనస్ అనే మరో ప్రయోగం. సోడియం అయోడైడ్‌ను క్రెస్ట్ తరహాలో అతిశీతలానికి చల్లబరిచి, కాంతినీ వేడినీ రెండింటినీ కొలవాలన్నది దాని పథకం. వేడి అసలు శక్తిని చెబుతుంది, కాంతి ఢీకొన్నది ఏమిటో చెబుతుంది. ఒక్కో ఘటనకూ రెండు కొలతలుంటాయి కాబట్టి కాంతి శాతం గురించిన తగవే ఉండదు. తేమ పీల్చే ఈ మెత్తటి స్ఫటికం మీద నేరుగా సెన్సర్ నిలవదు. అందుకని సెన్సర్‌ను విడిగా నీలమణి ఫలకం మీద పెట్టి, బంగారపు ముక్కతో, సన్నటి తీగతో స్ఫటికానికి కలిపారు. ప్రయోగం గ్రాన్ సాసోలోనే, డామా నడిచిన కొండ కిందే ఏర్పాటైంది. మరోవైపు ఆస్ట్రేలియాలోని స్టాల్ బంగారు గనిలో, కిలోమీటరుకు పైగా లోతున సేబర్ సౌత్ అనే సోడియం అయోడైడ్ ప్రయోగం సిద్ధమవుతోంది. అక్కడ జూన్ చలికాలం. ఉష్ణోగ్రత, తేమ, వాతావరణాన్ని బట్టి మారే మ్యూయాన్ల సంఖ్య లాంటివి లయకు కారణమైతే అక్కడ దాని శిఖరం ఆర్నెల్లు పక్కకు జరగాలి. గెలాక్సీ నుంచి వచ్చేదైతే దక్షిణార్ధగోళంలోనూ జూన్‌లోనే శిఖరానికి చేరాలి. కొసైన్, అనాయిస్ చూపిన శూన్యాన్ని చూస్తే, రెండు చోట్లా ఏ లయా కనిపించకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. అప్పుడు మిగిలే ప్రశ్న డార్క్ మ్యాటర్ గురించి కాదు, గ్రాన్ సాసోలోని ఆ 25 స్ఫటికాల గురించి, వాటి ట్యూబుల గురించి, ఆ డేటాను లెక్కించిన తీరు గురించి. దానికి జవాబు ఆ పరికరాల రికార్డుల్లోనే దొరకాలి.